చక్రాల మీద ఇల్లు: శెనక్కాయల లారీ నుంచి చైతన్య రథం దాకా



అమెరికాలో ఉంటున్న మా ఊరి తమ్ముడొకడు మొన్న నాకు ఒక వీడియో పంపించాడు. అందులో ఒక కుటుంబం పాత ట్రక్కు కొనుక్కుంటుంది. వెనక తొట్టిలో వాళ్ళే చెక్కలు కోసి బిగిస్తారు. మడిచే మంచాలు, చిన్న పొయ్యి, బట్టలకు అరలు, అన్నీ సొంతంగా చేసుకుంటారు. చలికాలంలో పిల్లల్ని ఎక్కించుకుని మంచు కొండల దగ్గరికి పోయి, పొద్దున స్కీయింగ్ చేసి, రాత్రికి ఆ ట్రక్కులోనే పడుకుంటారు. వీడియో కింద తమ్ముడు ఒక్క మాట రాశాడు. "అన్నా, ఇట్లాంటిది మన ధర్మవరంలో ఎవరన్నా ఊహించి ఉంటారా?"

నవ్వొచ్చింది నాకు. ఊహించడం ఏందిరా, చేసినాం కదా అనుకున్నా. మంచు లేదు, స్కీయింగ్ లేదు, అంతే తేడా. ఇట్లాంటి బండి ఒకటి మా ఇంట్లోనే చూసినా. ఇంకొకటి మన రాష్ట్రమంతా చూసింది. ఈ రెండింటి గురించి, వాటికంటే ముందు మన దారుల్లో జనం ఎట్లా ప్రయాణం చేసేవాళ్ళో దాని గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

ముందు మా ఇంటి సంగతి. మా నాన్న లారీ డ్రైవర్. లారీ మాది కాదు, షావుకారిది. ధర్మవరం అంటే బయటివాళ్ళకు పట్టుచీరలే గుర్తొస్తాయి కానీ, చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో ఎటు చూసినా శెనక్కాయ పంటే. సీజన్‌లో నాన్న ఇంటికి వచ్చేవాడు కాదు. మూటలు మిల్లుకు, మిల్లు నుంచి ఇంకో ఊరికి, అదే పని. ఎండాకాలం లోడ్లు తగ్గేవి. అప్పుడు షావుకారిని అడిగి రెండు మూడు రోజులకు లారీ తీసుకుని, మా ఇంటిల్లిపాదినీ, చిన్నాన్న వాళ్ళనూ తిరుపతికి తీసుకుపోయేవాడు.

దానికి ముందురోజు ఉండేది అసలు పండగ. తొట్టిలోని మట్టి, శెనక్కాయ పొట్టు అంతా ఊడ్చి, నీళ్ళు కొట్టి కడిగేవాళ్ళం. ఆరినాక అడుగున మందంగా వరిగడ్డి పరిచి, దాని మీద గోనెసంచులు, పైన జంపఖానా. కుదుపులకు గడ్డే పరుపు. పైన వెదురుబద్దలు వంచి కట్టి, మూటలు తడవకుండా కప్పే పట్టానే దాని మీద లాగి తాడుతో బిగించేవాళ్ళు. గూడుబండి ఉంటుంది చూడండి, అచ్చం అట్లాగే తయారయ్యేది. వెనక చక్రాల మీద ఎగిరిపడుతుందని అవ్వను క్యాబిన్ వైపు కూర్చోబెట్టేవాళ్ళు. చిన్న చెల్లెలికి అమ్మ పాత చీరతో ఉయ్యాల. ఒక మూల నీళ్ళ డ్రమ్ము, ఇంకో మూల కిరసనాయిలు స్టవ్వు, సంగటి గిన్నె, ఊరుబిండి డబ్బా.

నాన్న ఒక్క విషయంలో మాత్రం చాలా గట్టిగా ఉండేవాడు. పట్టా కింద పొయ్యి వెలిగించకూడదు. వానొచ్చినా సరే, బండి దిగి చెట్టు కిందే వండుకోవాల. నిప్పంటుకుంటుందనే భయంతో ఆయన చెప్పినాడు. తర్వాత నేను చదువుకుంటే తెలిసింది, మూసిన చోట పొయ్యి మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు అని. మంచు కొండల దగ్గర చలికి తలుపులన్నీ బిగించుకునే వాళ్ళకు కూడా మొదట చెప్పే జాగ్రత్త ఇదే. చూడండి, నాన్న నియమం ఎంత దూరం పోయిందో.

కదిరి, ములకలచెరువు, మదనపల్లె, పీలేరు, భాకరాపేట ఘాటు. ఇదీ మా దారి. చెరువుగట్టు, చింతచెట్టు కనపడితే ఆగేది. వంట అక్కడే, నిద్ర అక్కడే. లాడ్జి అన్న మాట మాకు తెలీదు.

ఒకసారి మాత్రం ఒక చెక్‌పోస్టు దగ్గర మమ్మల్ని ఆపేసినారు. సరుకు బండిలో మనుషుల్ని ఎట్లా ఎక్కిస్తావని అడిగినారు. అడిగిందాంట్లో తప్పు లేదు, చట్టం అదే. కానీ నాన్న చేతులు కట్టుకుని అరగంట నిలబడి, ఏదో ఇచ్చుకుని, వెనక్కి వచ్చి మా ఎవ్వరి ముఖమూ చూడకుండా స్టీరింగ్ పట్టుకున్నాడు. అదే లారీలో నెలంతా రాజులాగా తిరిగే మనిషి. ఆ పూట అవ్వ కూడా ఏమీ మాట్లాడలేదు. నేను ఈ విషయం ఎందుకు చెప్తున్నానంటే, బండిని ఇల్లుగా మార్చడం పెద్ద కష్టం కాదు. గడ్డి, పట్టా ఉంటే అయిపోతుంది. ఆ బండిని ఎక్కడ ఆపుకోవచ్చు, ఎవరిని అడగాల అన్నదే కష్టం. మన దారుల చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. రైళ్ళు రాకముందు మన భాషలో దూర ప్రయాణానికి కొలత కోసులు కాదు, మజిలీలు. ఈ పూట ఎక్కడ ఆగుతాం అన్నదే లెక్క. దీనికి మన దగ్గరున్న గొప్ప సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీకి పోయి, కలకత్తా చూసి, తీరం వెంబడి 1831 సెప్టెంబర్ 3న మద్రాసుకు తిరిగొచ్చారు. పదిహేను నెలల పైచిలుకు. ఇంటివాళ్ళు, బోయీలు, పరివారం కలిపి దాదాపు వంద మంది. పల్లకీలు, డేరాలు, సామాన్లు. అంటే ఒక చిన్న ఊరే నడిచి పోయినట్టు.

ఆ పుస్తకంలో ఆయన దేవుళ్ళ గురించి ఎంత రాశారో, ఆగే చోటు గురించీ అంతే శ్రద్ధగా రాశారు. ఈ ఊళ్ళో దిగడానికి చోటుందా, అంగళ్ళున్నాయా, నీళ్ళెట్లా ఉన్నాయి, నీడ ఉందా. చదువుతుంటే మా నాన్న చింతచెట్టు కోసం చూసే చూపే గుర్తొస్తుంది నాకు. డబ్బు, హోదా ఉన్న మనిషికే ఆగే చోటు ఇంత పెద్ద సమస్య అయితే, మామూలు జనం సంగతి ఊహించుకోండి. వాళ్ళకు దిక్కు చావడి, సత్రం, గుడి మండపం. వాటిల్లోనూ అందరికీ చోటు ఉండేది కాదు. కులం అడిగి చోటిచ్చే కాలం అది.

ఇక మన సీమ సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేసినాక, దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. ఆ ఏళ్ళలో చాలా భాగం ఆయన ఉన్నది డేరాల్లోనే. పల్లె పల్లెకూ మకాం మారుస్తూ, పొలాలు కొలిపిస్తూ, రైతులతో మాట్లాడుతూ తిరిగాడు. తర్వాత మద్రాసు గవర్నరు అయి కూడా, 1827లో సీమ పర్యటనలో ఉండగానే పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. డేరా ఉంది కాబట్టే ఆయన ఏ పాలెగాడి ఇంట్లోనూ అతిథిగా ఉండాల్సిన పని లేకపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనికి వద్దాం.

అయితే అధికారి డేరాకు ఇంకో ముఖం కూడా ఉంది. దొరవారి క్యాంపు వస్తుందంటే ఊరికి గుబులు. పాలు, కోళ్ళు, కట్టెలు, గడ్డి సమకూర్చాల. సామాన్లు మోయడానికి వెట్టి మనుషులు రావాల. తర్వాతి కాలంలో ముసాఫరు బంగళాలు, ఇన్‌స్పెక్షన్ బంగళాలు కట్టారు. అవీ సర్కారువే. గది కావాలంటే సర్కారు వాళ్ళు ఇవ్వాల.

అధికారం లేనివాళ్ళు కుటుంబాలతో తిరగలేదా అంటే, తిరిగారు. మన పక్క కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజమే ఉదాహరణ. తాత, తండ్రి, కోడలు, మనవడు, అందరూ నటులే. తెరలు, రంగస్థలం సామాన్లు ఎడ్లబండ్ల మీద, తర్వాత రైళ్ళలో, లారీల్లో వేసుకుని ఊరూరూ తిరిగారు. వాళ్ళ పిల్లలు దారుల్లోనే పుట్టి, దారుల్లోనే పెరిగారు. ఊరు మారినప్పుడల్లా గుడారం వేసుకోవడానికి కొత్తగా ఒక స్థలం, కొత్తగా ఒక అనుమతి. కళాకారుల సంచారం అంటే వినడానికి బాగుంటుంది కానీ, అందులో సగం ఈ అడుక్కోవడమే.

ఇదే సమయంలో ఇంగ్లండులో ఏం జరుగుతోందో చూడండి. అదే 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ డాక్టరు, గుర్రాలు లాగే ఒక ఇంటిబండిని బ్రిస్టల్‌లో తయారు చేయించుకున్నాడు. పేరు వాండరర్. పని కోసం కాదు, సరదాగా దేశం చూడటానికి. విలాసానికి చేసుకున్న ఇంటిబండ్ల చరిత్ర సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ తర్వాత అమెరికాలో హెన్రీ ఫోర్డు, ఎడిసన్, ఫైర్‌స్టోన్ కలిసి వంట సామాన్ల ట్రక్కు వెంటేసుకుని ఏటా అడవుల్లో మకాం వేసేవారు. 1951 నుంచి జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో మంచం, బీరువా అమర్చి ఇవ్వడం మొదలుపెట్టింది. మా తమ్ముడు పంపిన వీడియోలో కుటుంబం ఈ పరంపరలోని వాళ్ళే. అంటే సురభి వాళ్ళు పొట్ట కోసం బండెక్కిన ఏడాదే, అక్కడ ఒకాయన సెలవు కోసం బండెక్కాడు. తేడా అదీ.

సరే, ఇప్పుడు అసలు బండికి వద్దాం. 1982. మార్చి 29న ఎన్టీ రామారావు గారు తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. అప్పటికి 1956లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి కాంగ్రెస్ తప్ప ఇంకో పార్టీ అధికారంలోకి రాలేదు. 1978 నుంచి 1983 లోపలే నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. జనానికి విసుగు ఉంది. కానీ కొత్త పార్టీకి ఊరూరా ఆఫీసు లేదు, పాత కార్యకర్త లేడు.

అప్పుడు రామారావు గారు 1940ల నాటి ఒక పాత షెవ్రొలే వ్యానును తీసుకుని మార్పించుకున్నారు. పైన నిలబడి మాట్లాడటానికి వీలు, మైకు, లోపల కూర్చోవడానికి, పడుకోవడానికి ఏర్పాటు. పేరు చైతన్య రథం. నడిపింది డ్రైవరుగా పెట్టుకున్న మనిషి కాదు, కొడుకు హరికృష్ణ. తండ్రికి 59 ఏళ్ళు, కొడుకుకు 25, 26. ఖాకీ బట్టలు, రోడ్డు పక్కన భోజనం, రోడ్డు పక్కనే స్నానం, రాత్రి వ్యానులోనే నిద్ర.

తొమ్మిది నెలల్లో 75 వేల కిలోమీటర్లు తిరిగారని ఆ పార్టీ చరిత్రలో చెప్పుకునే లెక్క. ఆ లెక్కే తీసుకుంటే రోజుకు దగ్గరదగ్గర 280 కిలోమీటర్లు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి మూడుసార్లకు పైగా తిరిగినంత. అప్పటి రోడ్ల మీద, నలభై ఏళ్ళ వయసున్న ఇంజనుతో, ఊరూరా ఆగుతూ.

చైతన్య రథం గురించి మాట్లాడేవాళ్ళంతా దాని పైకప్పు గురించే మాట్లాడతారు. ఆయన పైన నిలబడిన ఫొటో అందరికీ గుర్తు. నా వాదన ఏంటంటే, ఆ బండి బలం పైకప్పులో లేదు, లోపలి పడకలో ఉంది. ఎందుకంటారా? ఆలోచించండి. ఒక నాయకుడు మారుమూల ఊరికి పోతే రాత్రికి ఎక్కడుంటాడు? ఒకటి, సర్కారు గెస్ట్ హౌసు. అది అధికార పార్టీ చేతిలో ఉంటుంది. రెండు, ఆ ఊరి పెద్ద ఇల్లు. రెడ్డో, చౌదరో, కాంట్రాక్టరో, మిల్లు యజమానో. ఆ ఇంట్లో ఒక పూట అన్నం తిని పడుకుంటే, తెల్లారేసరికి ఆ ఊళ్ళో మీరు ఎవరి మనిషో తేలిపోయినట్టే. ఆ పెద్దకు పడనివాళ్ళంతా దూరం. మన సీమలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మూడు, వెనక్కి జిల్లా కేంద్రానికి పోయి లాడ్జిలో పడుకోవడం. అప్పుడు రోజులో సగం తిరుగు ప్రయాణానికే పోతుంది.

వ్యానులో పడుకునే మనిషికి ఈ మూడూ అక్కర్లేదు. ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే. మన్రో డేరాను గుర్తుపెట్టుకోమన్నాను కదా, లెక్క ఒకటే. పైగా, పెద్దింటి గడప తొక్కకుండా రోడ్డు పక్కన సామాన్యుడిలాగా తినే హీరోను చూసి జనం ఏమనుకుని ఉంటారు? ఆత్మగౌరవం అని ఆయన మైకులో చెప్పింది ఒక ఎత్తు, ఆ బండిలో పడుకోవడం ఒక ఎత్తు.

గెలవడానికి అదొక్కటే కారణం అని నేను అనను. సినిమా ఆకర్షణ, కాంగ్రెస్ మీద కోపం, పత్రికల మద్దతు, రెండు రూపాయల కిలో బియ్యం హామీ, అన్నీ ఉన్నాయి. 1983 జనవరి 5న పోలింగ్ జరిగితే 294 సీట్లలో 200కు పైగా తెలుగుదేశానికి వచ్చాయి. జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. పార్టీ పెట్టి అప్పటికి పది నెలలు కూడా కాలేదు. ఆ తర్వాత వాహనాన్ని రథం చేసి తిరగడం దేశమంతా పాకింది. 1990లో అద్వానీ గారి రథయాత్ర కూడా మార్పించిన టొయోటా బండి మీదే.

ఇక మన హిందూపురం. 1985లో రామారావు గారు గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడు చోట్లా గెలిచి, హిందూపురాన్నే ఉంచుకున్నారు. 1989లో, 1994లో కూడా ఇక్కడి నుంచే గెలిచారు. 1996 జనవరి 18న ఆయన పోయాక, ఉపఎన్నికలో హిందూపురం నుంచి అసెంబ్లీకి వెళ్ళింది ఎవరో తెలుసు కదా, రథం నడిపిన హరికృష్ణే. 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర, సొంతంగా కారు నడుపుతూ, రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయారు. ఆ వార్త టీవీలో వస్తుంటే మా నాన్న కుర్చీలో ముందుకు జరిగి కూర్చుని చూసినాడు. పార్టీ గురించి ఒక్క మాట అనలేదు. "నిద్ర లేకుండా వాళ్ళ నాయనను అంత దూరం తిప్పినోడు" అన్నాడు, అంతే. పైన నిలబడినాయన చరిత్రలోకి పోయాడు. లోపల పడుకునే చోటు గురించి నేను ఇంతసేపు మాట్లాడాను. మేలుకుని ఉన్నవాడి గురించి మాట్లాడింది మాత్రం ఒక డ్రైవరే.

చివరగా, మా తమ్ముడు అడిగిన ప్రశ్నలో రెండో భాగం ఉంది. ఇప్పుడు మనం ఒక పాత లారీ కొని అట్లా చేసుకోవచ్చా?

రామారావు గారి కాలంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం ఉండేది. ఇప్పుడున్నది 1988 చట్టం. దాని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. మరి ఇంటిబండి అసలు కుదరదా అంటే, కుదురుతుంది. మన నిబంధనల్లోనే మోటార్ కారవాన్ అనే తరగతి ఉంది. కూర్చోవడానికి సీట్లు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాన్ల అరలు, ఇవన్నీ ఉండాలని నిర్వచనం. అనుమతి పొందిన తయారీదారు దగ్గర చేయించుకుంటే రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కేరళ ప్రభుత్వమైతే 2021లో కారవాన్ టూరిజం విధానమే తెచ్చింది. మనకు కారవాన్ అంటే ఇంకా సినిమా షూటింగులో హీరోగారి బండే.

మా నాన్న చేసినట్టు గడ్డి పరిచి, పట్టా కట్టి, పిల్లల్ని ఎక్కించడం మాత్రం వద్దు. పెళ్ళిళ్ళకు, జాతరలకు ఇప్పటికీ లారీల్లో, ట్రాక్టర్లలో పోతున్నారు కాబట్టి చెప్తున్నా. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఏదన్నా అయితే ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మేమందరం క్షేమంగా తిరిగొచ్చినామంటే అది నాన్న చేతి నేర్పు, దేవుడి దయ. ఆ రోజు చెక్‌పోస్టులో ఆపినవాళ్ళు అడిగింది తప్పు కాదని నేను ఒప్పుకునేది అందుకే. కానీ బస్సుకు డబ్బుల్లేని ఇంటివాళ్ళు గుడికి ఎట్లా పోవాలో ఆ చట్టం చెప్పలేదు. అది కూడా నిజమే.

తమ్ముడికి నేను ఇదే జవాబు పంపించినా. "మనవాళ్ళకు బండిని ఇల్లు చేసుకోవడం ఎప్పుడో వచ్చురా. దాన్ని నిశ్చింతగా ఆపుకునే చోటే దొరకలేదు." మీ ఇళ్ళల్లో కూడా ఇట్లాంటి లారీ ప్రయాణాలు, గూడుబండి ప్రయాణాలు ఉండే ఉంటాయి. ఎక్కడ ఆగేవాళ్ళో, ఎవరు ఆపేవాళ్ళో, పెద్దవాళ్ళు ఉండగానే అడిగి తెలుసుకోండి. బండి ఎవరు తోలేవాళ్ళో మొదట అడగండి.